చలికాలంలో ఒక్కరోజు బీదర్: ఎప్పుడు బయల్దేరాలి, ఏది ముందు చూడాలి, ఎక్కడ దారి మళ్ళాలి

హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ దాదాపు 140 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరిపోవచ్చు. దూరం తక్కువే కదా అని పది గంటలకు తీరిగ్గా బయల్దేరేవాళ్ళు కోట ఒక్కటే చూసి తిరుగుముఖం పడతారు. డిసెంబర్, జనవరిలో సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. చూడాల్సినవాటిలో సగం వెలుతురు ఉంటేనే కనిపిస్తాయి. అందుకే ఈ ప్రయాణంలో ఏ చోటికి ఏ గంటకు వెళ్ళాలో సూర్యుడిని బట్టి నిర్ణయించుకోవాలి. అనుకోకుండా ఎదురయ్యే పక్కదారుల కోసం రెండు గంటలు ముందే పక్కన పెట్టుకోవాలి. ఆ రెండు గంటలు లేకుండా వేసిన ప్లాను ఈ దారిలో నిలవదు.

బయల్దేరేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఊరంతా తేలిగ్గా అర్థమవుతుంది. బీదర్ సముద్రమట్టానికి 650 మీటర్లకు పైన, లేటరైట్ అనే ఎర్రరాతి పీఠభూమి అంచున ఉంది. ఈ రాయి గుల్లగా, సందులు సందులుగా ఉంటుంది. వాన నీరు అందులోంచి కిందికి దిగి, అడుగున ఉన్న గట్టి నల్లరాయి మీద ఆగి, పీఠభూమి అంచుల్లో ఊటలుగా బయటికి వస్తుంది. ఆ ఊటల్నే అక్కడ ఝీరా అంటారు. నరసింహ ఝీరా, గురునానక్ ఝీరా అన్న పేర్లు అలా వచ్చినవే. కోట కందకాలు తవ్వింది ఈ రాతిలోనే. నేల కింద నీటి సొరంగాలు తొలిచిందీ ఇందులోనే. చలి ఎక్కువగా ఉండటానికి మాత్రం ఎత్తు, చెట్లు పలచగా ఉన్న మైదానం, మబ్బు లేని ఆకాశం కారణం. పగలు నేల పట్టుకున్న వేడంతా రాత్రికి ఆకాశంలోకి పోతుంది. చలిగాలులు వీచినప్పుడు బీదర్‌కు ఇవతల ఉన్న కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోతుంది. తెలంగాణలో అత్యల్ప ఉష్ణోగ్రతల వార్తల్లో ఈ పేర్లు ప్రతి ఏడాదీ వింటూనే ఉంటాం.

ఏ రోజు వెళ్ళాలి

మంగళ, బుధ, గురువారాలు మేలు. శని, ఆదివారాల్లో నరసింహ ఝీరా గుడి దగ్గర క్యూ గంటకు మించుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ పాత ఊళ్ళో చాలా దుకాణాలు, బిద్రీ పని (నల్లటి లోహంలో వెండి పొదిగే పని) చేసే ఇళ్ళు మూసి ఉంటాయి. శుక్రవారమే కుదిరితే బిద్రీ వీధిని మూడు గంటల తర్వాతకు పెట్టుకోండి.

ఇంకో రోజు కూడా క్యాలెండర్‌లో చూసుకోవాలి. మార్గశిర అమావాస్యను ఆ ప్రాంతంలో ఎళ్ళ అమావాస్య అంటారు. బీదర్, కలబురగి వైపు, మన జహీరాబాద్ చుట్టుపక్కలా ఆ రోజు కుటుంబాలు బండ్లు కట్టుకుని చేలకు వెళ్ళి, భూమికి పూజ చేసి, జొన్న అంబలి, జొన్నరొట్టె, గింజ కూరగాయలన్నీ కలిపి వండిన భజ్జి అక్కడే తింటారు. ఊళ్ళో బజారు ఖాళీ. కోట, మదర్సా చూడాలనుకునేవారికి ఆ రోజు పనికిరాదు. పొలంలో భోజనానికి పిలిచే తెలిసినవాళ్ళు ఉంటే మాత్రం కోటను ఇంకో రోజుకు వాయిదా వేసుకుని ఆ పిలుపు అందుకోండి.

ముందు రోజు రాత్రి సర్దుకోవాల్సినవి

తెల్లవారుజామున వణికించే చలి, మధ్యాహ్నం ఒంటిగంటకు మంచి ఎండ. ఒకే మందపాటి స్వెట్టర్ వేసుకుంటే పొద్దున చాలదు, మధ్యాహ్నం మోయలేరు. ఒంటికి నూలు బనియన్, దాని మీద పొడుగు చేతుల చొక్కా, పలచని స్వెట్టర్, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్ వేసుకోండి. ఎండెక్కేకొద్దీ ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. చెవులకు మఫ్లర్ తప్పనిసరి, ఎందుకంటే కోట గోడల మీద గాలి సూటిగా చెవుల్లోకి కొడుతుంది. అదే మఫ్లర్ గురుద్వారాలో తలకు కప్పుకోవడానికీ పనికొస్తుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పెదవులకు, మడమలకు వాజెలిన్ రాసుకోండి.

బండి మీద వెళ్ళేవాళ్ళకు చేతి గ్లౌజులు, కాళ్ళకు నిండా బూట్లు ఉండాలి. జాకెట్ లోపల ఛాతీకి అడ్డంగా నాలుగు మడతల న్యూస్‌పేపర్ పెట్టుకుంటే గాలి ఆగుతుంది. పొగమంచులో న్యూస్‌పేపర్ తడిసి నానిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

సంచిలో ఉండాల్సిన మిగతావి: ఫోన్ టార్చి కాకుండా విడిగా చిన్న టార్చి, నరసింహ ఝీరాలోకి దిగే ఆలోచన ఉంటే ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, ఫోన్‌కు నీళ్ళు చొరని సంచి, ఫ్లాస్కులో వేడినీళ్ళు. దారిలో చిల్లర కొనుగోళ్ళకు నగదు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు, పైగా బీదర్‌లో వైమానిక దళ శిక్షణ కేంద్రం ఉంది. పొద్దున కోట మీద నిలబడితే శిక్షణ విమానాలు తల మీదుగా వెళ్తూ కనిపిస్తాయి.

దారి: పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా

లింగంపల్లి, మియాపూర్ వైపు నుంచి ఆరు గంటలకు, ఎల్బీనగర్, ఉప్పల్ వైపు నుంచి ఐదున్నరకు బయల్దేరండి. అటువైపు వాళ్ళు ఊళ్ళోంచి రాకుండా ఔటర్ రింగ్ రోడ్డెక్కి ముత్తంగి దగ్గర దిగితే ముంబై హైవే తగులుతుంది. అక్కడి నుంచి సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ ఒకే తీగ. సంగారెడ్డి దాకా రోడ్డు వెడల్పు పనులు నడిచే చోట్ల మళ్ళింపు బోర్డులు హఠాత్తుగా వస్తాయి. ఆ భాగంలో లారీ వెనకాల అంటుకుని పోవద్దు. బోర్డు ముందు లారీవాడికి కనిపిస్తుంది, మీకు కనిపించేసరికి బ్రేక్ వేయాల్సిన సమయం దాటిపోతుంది.

సదాశివపేట దాటాక పొగమంచు మొదలవుతుంది. హై బీమ్ వేస్తే వెలుగు మంచు బిందువుల మీద పడి మీ కళ్ళలోకే తిరిగి వస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి వేసుకుని, ఎడమ అంచున ఉన్న తెల్లగీత చూసుకుంటూ నలభై వేగంలో పోవాలి. కారు అద్దం మసకేస్తే మసక లోపలా బయటా అన్నది వేలుతో తుడిచి చూడండి. లోపలైతే మన ఊపిరి తేమ అది. ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట తిప్పి, గాలిని అద్దం మీదికి వదిలితే ఒక్క నిమిషంలో పోతుంది. బయటైతే అద్దం చల్లబడి బయటి తేమ పట్టిందన్నమాట. ఏసీ తగ్గించి వైపర్ వేయాలి. ఇది తెలియక బట్టతో లోపల రుద్దుతూ నడిపేవాళ్ళు చాలామంది.

జహీరాబాద్ చెరకు ప్రాంతం. చలికాలం చెరకు నరికే కాలం. రోడ్డంతా చెరకు ట్రాలీలు. చాలావాటికి వెనక ఎర్రలైటు గానీ మెరిసే స్టిక్కర్ గానీ ఉండదు. గడలు ట్రాలీకి రెండు పక్కలా అడుగు, రెండడుగులు బయటికి పొడుచుకుని ఉంటాయి. మంచులో ముందు బండి ట్రాలీ అనిపిస్తే దాటే ప్రయత్నం చేయకుండా వెనకే నెమ్మదిగా వెళ్ళండి.

ఆర్టీసీలో వెళ్ళేవాళ్ళకు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి తెలంగాణ, కళ్యాణ కర్ణాటక బస్సులు రెండూ ఉన్నాయి. మూడు నుంచి మూడున్నర గంటల ప్రయాణం. కిటికీ పక్క సీటులో చలి తట్టుకోలేరు, ఎందుకంటే పాత బస్సుల అద్దాలు పూర్తిగా మూసుకోవు. బీదర్ బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకునేటప్పుడు కోట, మదర్సా, సుల్తానుల గోరీలున్న అష్టూర్, గురునానక్ ఝీరా అని చోట్లన్నీ ముందే చెప్పి, ఆగే సమయంతో కలిపి ఒకే మొత్తం ఖరారు చేసుకోండి. అష్టూర్‌ను మధ్యలో కలిపితే అది ఊరి బయటి ట్రిప్పు అవుతుంది, అప్పుడు రేటు మారుతుంది. భాషకు ఇబ్బంది లేదు. కన్నడ, దక్కనీ ఉర్దూ, మరాఠీతో పాటు తెలుగు అర్థమయ్యేవాళ్ళు అడుగడుగునా దొరుకుతారు. 1956లో రాష్ట్రాలు భాషల వారీగా విడిపోయేదాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే, మన జహీరాబాద్ బీదర్ జిల్లాలోదే.

మొదటి పక్కదారి: వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?

హైవే మీద ఝరాసంగం అన్న బోర్డు చూడగానే చాలామందికి మనసు లాగుతుంది. కేతకీ సంగమేశ్వర ఆలయం అక్కడ ఉంది. శివుడికి మొగలిపువ్వు పనికిరాదని మనమంతా విన్నదే. ఈ ఒక్క గుళ్ళో మాత్రం మొగలిపువ్వుతోనే పూజ. గుడి ఆవరణలో గుండం ఉంటుంది. వెళ్ళేటప్పుడే వెళ్ళాలి, అదీ ఎనిమిది లోపు ఆ మలుపు దగ్గరికి చేరితేనే. పొద్దున గుళ్ళో జనం తక్కువ, దర్శనం, రానుపోను కలిపి గంటలో తేలిపోతుంది. సోమవారం, కార్తీకమాసం అయితే గంటలో కాదు కాబట్టి వదిలేయండి. సాయంత్రం వచ్చేటప్పుడు చూద్దాం అనుకుంటే చీకట్లో ఊళ్ళ రోడ్లు, చెరకు ట్రాలీలు. అది మంచి నిర్ణయం కాదు.

మ్యాప్ ఒక్కోసారి హైవే వదిలి ఊళ్ళ మీదుగా అడ్డదారి చూపిస్తుంది. దూరం తగ్గినా సమయం తగ్గదు. మంచులో ఆ రోడ్ల మీద బర్రెలు, ట్రాక్టర్లు, గీత లేని మలుపులు ఉంటాయి. జహీరాబాద్ దాకా హైవే మీదే వెళ్ళి, అక్కడ కుడివైపు బీదర్ రోడ్డు పట్టుకోండి. అక్కడి నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు. జహీరాబాద్‌లోనే టిఫిన్ ముగించేయాలి. కోట దగ్గరికి వెళ్ళాక తిందాం అనుకుంటే అక్కడ చాయ్, బిస్కెట్ తప్ప పెద్దగా దొరకవు.

కోహీర్ వైపు మళ్ళాలా అని అడిగేవాళ్ళుంటారు. ఆ ఊరి జామపండుకు పేరుంది. దాని కోసం ప్రత్యేకంగా మళ్ళాల్సిన పనిలేదు, సీజన్‌లో జహీరాబాద్ రోడ్డు మీదే బుట్టల్లో దొరుకుతుంది. రోడ్డు పక్కన పచ్చిజొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి, చేత్తో నలిపి ఊచబియ్యం అమ్ముతుంటే మాత్రం తప్పకుండా ఆగండి. జనవరిలో గింజ పాలు పట్టిన కొద్ది వారాలే అవి దొరుకుతాయి. వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే గింజ బిరుసెక్కి నమలబుద్ధి కాదు.

కోట: తొమ్మిదింటి నుంచి పదకొండున్నర

కోటను మొదట పెట్టుకోవడానికి రెండు కారణాలు. నడక ఎక్కువ, ఆ నడకతో చలి వదులుతుంది. రెండోది, తాళం వేసి ఉండే మహళ్ళు తీయించాలంటే పొద్దునే అడగాలి.

బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ 1430 ప్రాంతంలో రాజధానిని గుల్బర్గా (ఇప్పటి కలబురగి) నుంచి ఇక్కడికి మార్చి ఈ కోట కట్టించాడు. అంతకు వందేళ్ళ ముందే ఈ ఊరు మన చరిత్రలో తగులుతుంది. ఓరుగల్లు మీదికి రెండోసారి వచ్చిన ఢిల్లీ సేన దారిలో బీదర్‌ను పట్టుకుంది. 1323లో ఓరుగల్లు పడింది.

లోపలికి వెళ్ళేముందు కందకం దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. దక్షిణం వైపు కందకం ఒకటి కాదు, పక్కపక్కనే మూడు. రాతిని తవ్వుతూ మధ్యలో రెండు గోడల్లా వదిలేశారు. తవ్వినప్పుడు మెత్తగా తెగి, గాలి తగిలాక గట్టిపడటం లేటరైట్ గుణం. ఆ గుణం తెలిసిన చేతులు చేసిన పని అది.

షర్జా దర్వాజా, గుంబద్ దర్వాజా దాటి లోపలికి వెళ్ళగానే పురావస్తు శాఖ కార్యాలయం ఎక్కడో అడిగి, రంగీన్ మహల్ తీయించమని అడగండి. చాలామంది తాళం చూసి వెనుదిరుగుతారు. మర్యాదగా అడిగితే సిబ్బందిలో ఒకరు తాళంచెవి తెచ్చి తీసి చూపిస్తారు. సిబ్బంది భోజనానికి వెళ్ళే వేళ అడిగితే మాత్రం అరగంట నిలబడాలి. లోపల చెక్కిన కొయ్య స్తంభాలు, రంగుల పెంకులు ఉంటాయి. అసలు చూడాల్సింది వెనక గది ద్వారబంధం. నిగనిగలాడే నల్లరాయిలో సన్నటి కాలువలు తొలిచి, ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు. ఎదురుగా టార్చి వేస్తే ఏమీ కనిపించదు, నల్లరాయి వెలుగును తిరిగి కొడుతుంది. టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వేయండి. ఒక్కసారిగా తీగలు, పువ్వులు, అక్షరాలు గులాబీ, ఆకుపచ్చ ఛాయలతో తేలతాయి. తల కొద్దిగా జరిపితే ఆ రంగు మారుతుంది. ఈ ఒక్క గుమ్మం కోసమే విడిగా టార్చి తెచ్చుకోమన్నది. వేలితో తాకవద్దు, చిప్పలు ఊడిన ఖాళీలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

అక్కడి నుంచి లాల్ బాగ్ పక్కనే సోలా ఖంబా మసీదు. శాసనం ప్రకారం 1423–24 నాటిది, అంటే రాజధాని రాకముందే ఉంది. ఆ తర్వాత గగన్ మహల్, దివానే ఆమ్, తఖ్త్ మహల్. తఖ్త్ మహల్ కమాను మూలల్లో పులి, దాని వెనక ఉదయిస్తున్న సూర్యుడు ఉన్న బొమ్మ వెతకండి, మెడ బాగా పైకెత్తితేనే కనిపిస్తుంది. కోట లోపలికి కారు వెళ్తుంది. అయినా తఖ్త్ మహల్ నుంచి వెనకవైపు బురుజుల దాకా నడవండి. అక్కడ పీఠభూమి ఒక్కసారిగా తెగి, కింద మైదానం పరుచుకుని ఉంటుంది. గాలి ఎక్కువ. పిల్లల చేతులు వదలవద్దు, చాలాచోట్ల పిట్టగోడ లేదు. ఎర్రరాతి మెట్ల మీద పొద్దున మంచు తడికి చెప్పు జారుతుంది. నున్నటి అడుగున్న చెప్పులు వేసుకుని వచ్చినవాళ్ళు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగాలి.

కోటలో పూర్తిగా తిరగాలంటే రోజంతా పడుతుంది. పదకొండున్నరకు బయటపడకపోతే అష్టూర్ చూసే వెలుతురు పోతుంది.

మదర్సా

కోట నుంచి ఊళ్ళోకి వస్తే మహమూద్ గవాన్ మదర్సా. అరగంట చాలు, కానీ ఆ అరగంట శ్రద్ధగా చూడాలి. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ మంత్రి అయిన గవాన్ 1472లో దీన్ని కట్టించాడు. మూడంతస్తులు, విద్యార్థుల గదులు, గ్రంథాలయం. ఔరంగజేబు కాలంలో లోపల దాచిన మందుగుండు పేలి ముందు భాగంలో సగం, ఒక మినార్ కూలిపోయాయి. మిగిలిన మినార్ మీద వంకరటింకర గీతల్లో నీలం, పసుపు, తెలుపు పెంకులు ఇంకా అతికి ఉన్నాయి. ఎండ నెత్తిన ఉన్నప్పుడు రంగు బాగా తేలుతుంది. గోడ అడుగున ఊడిన చోట పెంకు మందం, దాని కింద సున్నం పొర కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి.

గవాన్ చావు మన నేల మీదే జరిగింది. ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని రాసినట్టు శత్రువులు దొంగ ఉత్తరం సృష్టించారు. 1481లో కొండపల్లి విడిదిలో సుల్తాను దాన్ని నమ్మి తల తీయించాడు. కొండపల్లి ఖిల్లా చూసినవాళ్ళకు ఈ మదర్సా మెట్ల మీద కూర్చుంటే ఆ రెండు ఊళ్ళూ ఒకటిగా కలుస్తాయి.

పక్కనే నాలుగు రోడ్ల కూడలిలో చౌబారా అనే గుండ్రటి గడియార బురుజు. ఆగాల్సిన పనిలేదు, దారి గుర్తుకు పనికొస్తుంది.

అష్టూర్: పన్నెండుకు, నెత్తిన ఎండ ఉన్నప్పుడు

ఊరికి తూర్పున మూడు కిలోమీటర్లు. దారిలో ఎడమా కుడీ చూసుకుంటూ వెళ్తే చౌఖండీ అనే ఎనిమిది మూలల కట్టడం గుట్ట మీద కనిపిస్తుంది. దానికి పది నిమిషాలు.

అష్టూర్‌లో బహమనీ సుల్తానుల గోరీలు వరసగా ఉంటాయి. వాటిలో హుమాయూన్ షా గోరీ గుమ్మటం నిలువునా చీలి సగమే మిగిలింది. గుమ్మటం లోపల ఎలా కడతారో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి కోత చిత్రం దొరకదు. ఇటుకల వరసలు, గోడ మందం, పైన సన్నబడే తీరు అన్నీ బయటపడి ఉన్నాయి.

అహ్మద్ షా వలీ గోరీ లోపల గోడలు, గుమ్మటం అంతా రంగుల చిత్రకళ. 1436లో ఆయన పోయాడు, ఆ రంగులు దాదాపు ఆరువందల ఏళ్ళవి. ఎండలోంచి లోపలికి వెళ్ళగానే చీకటి తప్ప ఏమీ కనిపించదు, చాలామంది రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. లోపలికి వెళ్ళి ఒక మూల నిలబడి కళ్ళు మూసుకుని మెల్లగా వంద లెక్కపెట్టండి. కళ్ళు తెరిస్తే ఎరుపు, నీలం, బంగారు గీతలు గోడల్లోంచి ఒక్కొక్కటీ బయటికి వస్తాయి. అక్కడ ఉండే సంరక్షకుణ్ణి అడిగితే గుమ్మం దగ్గర ఎండను అద్దంతో పట్టి లోపలి గుమ్మటం మీదికి మళ్ళిస్తారు. మబ్బు పట్టినా, సాయంత్రమైనా ఇది కుదరదు. ఈ చోటును పన్నెండుకు పెట్టింది అందుకే. ఫ్లాష్ వేయవద్దు, రంగులు పాడవుతాయి. చూపించినవారికి ఎంతో కొంత ఇవ్వండి. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ మొక్కే గోరీ ఇది. ఉర్సుకు లింగాయత జంగమయ్య వస్తారు.

మధ్యాహ్నం: నీళ్ళలోకి దిగాలా, వద్దా

అష్టూర్ నుంచి తిరిగి వచ్చాక ఒక నిర్ణయం తీసుకోవాలి. నరసింహ ఝీరా కొండ కింది సొరంగం. సుమారు 300 మీటర్లు నడుములోతు, కొన్నిచోట్ల ఛాతీలోతు నీళ్ళలో నడిచి వెళ్తే చివర స్వామి. చలికాలంలో నీళ్ళు చల్లగా ఉంటాయని భయపడతారు. నేల కింది ఊటనీరు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వెచ్చదనంలో ఉంటుంది కాబట్టి దిగినప్పుడు గోరువెచ్చగానే అనిపిస్తుంది. చలి బయటికి వచ్చాకే, తడిబట్టల మీద గాలి తగిలినప్పుడు పట్టుకుంటుంది. బయటికి రాగానే పూర్తిగా మార్చుకోవాలి, తల ఆరబెట్టుకోవాలి. పై చొక్కా ఒక్కటే మార్చుకుని లోపలివి తడిగా ఉంచుకుంటే సాయంత్రం దాకా వణుకు వదలదు.

ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఇరుకు చోట్లు భయపడేవాళ్ళు దిగవద్దు. లోపల గాలి తక్కువ, గబ్బిలాలు ఎక్కువ. నీటిమట్టం, గాలి సరిగ్గా లేనప్పుడు ప్రవేశం ఆపేస్తారు. అందుకే ఆటోవాళ్ళను ముందే అడిగి వెళ్ళండి. దిగేది ఉంటే భోజనానికి ముందే దిగాలి. దిగితే సాయంత్రం బరీద్ షాహీ గోరీలు (బహమనీల తర్వాత బీదర్‌ను ఏలిన సుల్తానులవి) వదులుకోవాల్సిందే, రెండూ కుదరవు.

భోజనానికి గురునానక్ ఝీరా గురుద్వారా. గురునానక్ ఇక్కడికి వచ్చినప్పుడు తాగునీరు లేని చోట ఊట పుట్టిందని సిక్కుల విశ్వాసం. సిక్కుల ఖాల్సా పంథంలో చేరిన తొలి ఐదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ ఈ ఊరివాడే. తలకు బట్ట కప్పుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వెళ్ళాలి. లంగర్లో రొట్టె, పప్పు, కూర అందరికీ పెడతారు. రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి, పళ్ళెంలో ఏదీ వదలకూడదు. వేడివేడి పప్పు ఆ చలిలో కడుపుకు హాయిగా ఉంటుంది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పల్లీల పొడి కావాలనుకునేవాళ్ళు ఊళ్ళో ఖానావళి అని బోర్డు ఉన్న మెస్సుకు వెళ్ళాలి. రెండు దాటితే రొట్టెలు అయిపోతాయి.

బిద్రీ కొనేముందు

పాత ఊళ్ళో సిద్దీఖ్ తాలీం ప్రాంతంలో బిద్రీ పనివాళ్ళ ఇళ్ళున్నాయి. షోరూముకు వెళ్ళేముందు ఒక పనివాడి పక్కన పావుగంట కూర్చోండి. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోత పోస్తారు, ఇసుక అచ్చులో. ఆకురాయితో నునుపు చేసి, మైలతుత్తం రుద్దుతారు. తాత్కాలికంగా నల్లబడిన ఆ మట్టం మీద ఉలి గీత తెల్లగా కనిపిస్తుంది. గీతల్లో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొడతారు. చివరికి కోటలో ఎండా వానా తగలని చోట తీసిన మట్టి, నవాసారం కలిపి నీళ్ళలో ఉడికించి, వేడిచేసిన వస్తువుకు పూస్తారు. ఆ మట్టిలో సురేకారం ఉంటుంది. లోహం గాఢమైన నలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. మట్టి సరైనదా కాదా అన్నది పనివాళ్ళు నాలుకకు తగిలించి చూస్తారు. ఈ పనికి షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

అసలుదా నకిలీదా ఎలా తెలుస్తుంది? నల్లమట్టం మీద తడిబట్టతో గట్టిగా రుద్దండి. రంగైతే అంటుకుంటుంది, బిద్రీ నలుపు అంటుకోదు. గోటితో వెండి గీత అంచు తడమండి. పొదిగిన వెండి మట్టానికి సమంగా ఉంటుంది, అతికించిన రేకైతే అంచు తగులుతుంది. బరువు చూడండి, చిన్న డబ్బా అయినా చేతికి దిగబడినట్టు ఉండాలి. ఇంటికి తెచ్చాక చింతపండు, పీతాంబరి పొడి వాడవద్దు, నలుపు పోతుంది. నెలకోసారి కొబ్బరినూనె చుక్క మెత్తటి బట్టతో రాస్తే చాలు.

చివరి గంట

నాలుగు గంటలకు ఇంకా ఓపిక ఉంటే రెండింటిలో ఒకటి. బస్టాండుకు దగ్గర్లో బరీద్ షాహీ గోరీలు. అలీ బరీద్ గోరీకి నాలుగువైపులా గోడ లేదు, నాలుగు పెద్ద కమానులే. సాయంత్రపు ఎండ ఒక కమానులోంచి వచ్చి ఎదురు కమానులోంచి వెళ్ళిపోతుంది. ఆ వెలుగు అరగంటే ఉంటుంది.

లేదా నౌబాద్ వైపు కరేజ్. పర్షియా పద్ధతిలో నేల కింద తవ్విన నీటి సొరంగం అది. పీఠభూమి ఎగువన నీరు పట్టి, వాలుగా సొరంగంలో పారించి ఊరికి చేర్చారు. మధ్యమధ్య గాలికి, పూడికతీతకు బావుల్లాంటి రంధ్రాలు. పైనుంచి చూస్తే పొలంలో వరసగా బావులున్నట్టు ఉంటుంది. సంధ్య చీకట్లో ఆ రంధ్రాల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళవద్దు. సొరంగంలోకి సొంతంగా దిగవద్దు.

బసవకళ్యాణ్, ఉద్గీర్ కూడా చుట్టేద్దాం అన్న ఆలోచన మధ్యాహ్నమే మానుకోవాలి. ఒక్కోదానికి ఇంకో రోజు కావాలి.

ఐదుకు బయల్దేరండి. కర్ణాటకలో పెట్రోలు మనకంటే లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ, ట్యాంకు అక్కడే నింపుకోండి. ఐదుముప్పావుకు జహీరాబాద్ దాటితే చెరకు ట్రాలీల భాగం వెలుతురు ఉండగానే గడిచిపోతుంది. అది దాటలేక చీకటి పడితే హైవే ఎక్కేముందు ఏదైనా చాయ్ దుకాణం దగ్గర ఆగి, హెడ్‌లైట్ల మీద పట్టిన దుమ్ము, ముందద్దం లోపలా బయటా తడిబట్టతో తుడిచి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో ఒకరిని దిగి చూడమని చెప్పి, అప్పుడు కదలండి.